వంతెన ఊగుట, ఊపు అణగుట

అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి ఆడపిల్లలు ఊగే ఊళ్ళు మన తెలుగునాట ఇప్పటికిని ఉన్నవి. ఉయ్యాల ఎక్కిన పిల్లను కాక, వెనుక నిలబడి ఊపే పిల్లను కొంచెముసేపు గమనించి చూడండి. భౌతికశాస్త్రము ఆమె చదివి ఉండకపోవచ్చును. అయినను ఎప్పుడు తోయవలెనో ఆమెకు తెలియును. ఉయ్యాల తనవైపు వచ్చి, ఒక్క క్షణము ఆగి, తిరిగి పోబోయే అదను చూచి ఆమె చేయి తగిలిస్తుంది. బలముతో పని లేదు. వ్రేళ్ళతో తాకించినంత చాలును. పది పన్నెండు తోపులలో ఉయ్యాల పై కొమ్మలను అందుకొంటుంది. అదను తప్పి, ఉయ్యాల ఎదురు వచ్చే వేళ తోసినదంటే మాత్రము ఎంత బలము పెట్టినను ఉయ్యాల నిలిచిపోతుంది. పైగా తన చేయి నొస్తుంది.

ప్రతి ఉయ్యాలకు తనదైన ఒక లయ ఉన్నది. త్రాడు పొడుగైతే లయ నిదానము, పొట్టిదైతే త్వరితము. వీణ తీగకు, గుడి గంటకు, ఇంటి దూలమునకు, ఇనుప వంతెనకు కూడ ఇట్లే ఒక్కొక్క సొంత లయ ఉన్నది. దానిని శాస్త్రములో సహజ పౌనఃపున్యము అంటారు. బయటినుండి తగిలే బలము ఆ లయతోనే వచ్చినప్పుడు కంపనము అంతకంతకు పెరుగుతుంది. దీనికే అనునాదమని పేరు. ఇప్పుడు నా మాట మీ రేడియోలో వినబడుటకు కారణము కూడ ఇదియే. ఎన్నో కేంద్రముల తరంగములు మీ ఇంటి ఏరియల్‌ను ఒక్కసారే తాకుతున్నవి. వానిలో మా కేంద్రపు లయకు మాత్రమే మీ రేడియోలోని విద్యుద్వలయము స్పందించేటట్లు మీరు మర త్రిప్పి పెట్టినారు.

రేడియోలో మనకింత ఉపకారము చేసే అనునాదము వంతెనలో చేరితే ఏమగునో చెప్పే కథలు చాలా ఉన్నవి. సైనికులు వంతెన మీద అడుగు కలిపి నడువరాదన్న మాట చిన్నతనమున మనలో చాలమంది విన్నదే. ఈ కథలలో కొంత నిజము, కొంత తొందరపాటు కలిసి ఉన్నవి. రెంటిని విడదీసి చూచుటయే ఈనాటి నా ప్రయత్నము.

1831 ఏప్రిల్ 12వ తేదీన ఇంగ్లండులో, మాంచెస్టరు నగరము చెంత, బ్రాటన్ అనే చోట 74 మంది సైనికులు నలుగురేసి వరుసలుగా ఒక వంతెన మీదుగా తమ శిబిరమునకు తిరిగి వస్తున్నారు. అది ఇర్వెల్ నది మీద ఇనుప గొలుసులకు వ్రేలాడగట్టిన వంతెన, కట్టి ఐదేండ్లయినది. నడుస్తూ ఉండగా, తమ అడుగులకు సరిగా వంతెన ఊగుతున్నట్లు వారికి తెలిసినది. అది వారికి వినోదముగా తోచినది. ఒకరిని చూచి ఒకరు ఈల పాట అందుకొని, అడుగు మరింత గట్టిగా వేసినారు. అంతలో పెద్ద చప్పుడయినది. గొలుసు తెగి వంతెన ఒక కొస నదిలో పడినది. దానితో పాటు సుమారు 40 మంది సైనికులు కూడ పడినారు. నీటి లోతు తక్కువగుటచేత ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు కాని, 20 మంది గాయపడినారు. ఆ తరువాతనే, వంతెన మీద అడుగు విరిచి నడువవలెనని ఇంగ్లీషు సైన్యములో ఆజ్ఞ వెలువడినది. లండనులో థేమ్స్ నది మీద 1873లో తెరచిన ఆల్బర్ట్ వంతెన మీద, సైనికులకు ఈ మాట జ్ఞాపకము చేసే పలక ఈనాటికిని ఉన్నది.

అయితే విచారణలో ఇంకొక సంగతి బయటపడినది. గొలుసును నేలకు బిగించిన బోల్టు విరుగుటచేత వంతెన పడినది. ఆ బోల్టు చేతలోనే లోపమున్నది. సైనికులు ఆ రోజున రాకపోయినను అది ఎప్పుడో ఒకనాడు విరిగేదే అని పరీక్షించిన ఇంజనీర్లు అభిప్రాయపడినారు.

ఫ్రాన్సు దేశములో ఆంజే పట్టణమున 1850 ఏప్రిల్ 16న జరిగినది దీనికంటె ఎన్నో రెట్లు ఘోరము. గాలివాన వీస్తున్న సమయమున ఒక సైనికదళము అక్కడి వ్రేలాడు వంతెన దాటుతున్నది. అడుగు విరిచి నడువవలెనని ముందుగానే ఆజ్ఞాపించినారు. కాని వంతెన గాలికి అప్పటికే ఊగుతున్నది. ఊగే నేల మీద తూలిపోకుండ నిలువదలచిన మనిషి, తనకు తెలియకుండనే ఆ ఊపునకు సరిగా అడుగు వేస్తాడు. కావడి మోసేవాని నడక కావడిబద్ద ఊపునకు ఒదిగిపోవుట మనము చూచినదే. ఎవరును అతనికి నేర్పనక్కరలేదు. ఆంజేలో కూడ అట్లే జరిగినది. వంతెన కూలి 200 మందికి పైగా మరణించినారు. తరువాత చూడగా, తీగమోకులను నేలలో పాతి బిగించిన చోట, కంటికి కనబడకుండ తుప్పు తినివేసి ఉన్నది.

ఈ విషయమున మనకు గుజరాతులోని మోర్బీ పట్టణము జ్ఞాపకము రాక తప్పదు. 2022 అక్టోబరు 30న అక్కడ మచ్ఛూ నది మీది వ్రేలాడు వంతెన తెగి 135 మంది మరణించినారు. జనము దానిని ఊపుతున్న చిత్రములు బయటికి రాగానే, ఊపుటచేతనే తెగినదని వెంటనే మాటలు పుట్టినవి. దర్యాప్తులో తేలినదేమనగా, ఒక ప్రధాన మోకులోని 49 తీగలలో 22 తీగలు అంతకు ముందే తుప్పుపట్టి ఉన్నవి. జనము తక్కువై, ఊపు లేకపోయినను ఆ మోకు ఎన్నాళ్ళు ఆగేదో చెప్పలేము. చేయవలసిన మరమ్మతు చేయక, పడిన తరువాత అనునాదము పేరు చెప్పి తప్పించుకొనుట భౌతికశాస్త్రమునకు అపచారము. చనిపోయినవారికి అంతకంటె అపచారము.

తుప్పు లేని వంతెన, లెక్క ప్రకారము కట్టిన కొత్త వంతెన కూడ ఊపునకు కూలినదా? కూలినది. అది చెప్పుటకు ముందు ఉయ్యాల దగ్గరికే మరల ఒకసారి పోదాము.

ఊపే పిల్ల చేయి తీసివేసినదనుకోండి. ఉయ్యాల వెంటనే ఆగదు. ఒక్కొక్క ఊపునకు కొంచెము కొంచెముగా తగ్గి, కొంతసేపటికి నిలుస్తుంది. అందులోని శక్తి ఏమయినది? కొమ్మ దగ్గర త్రాడు ఒరసుకొనుటలో కొంత వేడిగా మారినది. గాలిని త్రోసికొని పోవుటలో కొంత ఖర్చయినది. కంపనశక్తిని ఇట్లు తినివేసి ఊపును అణచే గుణమును ఇంగ్లీషులో డాంపింగ్ అంటారు. మనము అవరోధమందాము. అనునాదమునకు వచ్చినంత పేరు దీనికి రాలేదు. ఊపు పెరుగుట అందరును చూస్తారు. ఊపు పెరుగకుండుటను ఎవరు చూస్తారు?

కార్యాలయములలో తనంతట తాను మూసుకొనే తలుపు మీరు చూచియే ఉంటారు. పైన చిన్న గొట్టములో నూనె ఉంటుంది. ఆ నూనె సన్నని సందులోనుండి పోవలసి వచ్చి తలుపు వేగమును తినివేస్తుంది. అది చెడితే తలుపు ధనాలున కొట్టుకొంటుంది. మోటారు సైకిలు షాక్ అబ్జార్బరు కూడ ఇట్టిదే. నూనె కారిపోయిన బండి ఒక గుంతలో దిగి నాలుగుసార్లు ఎగురుతుంది. మా స్టూడియోలో ధ్వని మట్టమును చూపే ముల్లు ఒకటి ఉన్నది. అవరోధము తగినంత లేకపోతే ఆ ముల్లు మాట ఆగిన తరువాత కూడ ఊగులాడుతూనే ఉంటుంది. దానిని నమ్మి పని చేయలేము.

ప్రక్కకు లాగి విడిచిన వస్తువు అసలు ఊగకుండ, నేరుగా తన చోటికి వచ్చి చేరుటకు ఎంత అవరోధము కనీసము కావలెనో, దానిని నూరు పాళ్ళుగా ఇంజనీర్లు లెక్క పెట్టుకొంటారు. తలుపు నూనెగొట్టము ఆ నూరు పాళ్ళకు దగ్గరగా ఉంటుంది. మరి ఉక్కు వంతెనకు ఎన్ని పాళ్ళుంటుంది? సాధారణముగా ఒక పాలు. కొన్నింటికి అర పాలే. నూటికి ఒక పాలు గల వంతెనను ఒకసారి ఊపి విడిచిపెట్టితే, ఆ ఊపు సగమగుటకు పదకొండుసార్లు ఊగవలెను. అర పాలైతే ఇరువదిరెండుసార్లు. అనగా, మనము పట్టపగలు చూచే అంత పెద్ద వంతెనలు కంపన విషయములో దాదాపు గుడి గంటల వంటివి. ఒకసారి తాకితే చాలసేపు మ్రోగుతూనే ఉంటవి.

ఇప్పుడు అనునాదమును దీనితో కలిపి చూడండి. ఒక బలము నిలకడగా పెట్టినప్పుడు వంతెనను అంగుళములో నూరవ వంతు వంచినదనుకొందాము. అదే బలము వంతెన లయతో హెచ్చుతగ్గులై తగులుతూ ఉంటే, అర పాలు అవరోధమున్న చోట ఊపు అంగుళమునకు చేరుతుంది, నూరింతలన్నమాట. ఒక పాలు ఉన్నచోట ఏబది ఇంతలు. ఐదు పాళ్ళుంటే పదింతలతో ఆగిపోతుంది. ఇరువది పాళ్ళుంటే రెండున్నర ఇంతలే. లయ కలిసినది నాలుగు చోట్లను ఒక్కటే. ఫలితములో ఇంత భేదము తెచ్చినది అవరోధము.

ఈ అవరోధము వంతెనకు ఎక్కడినుండి వస్తుంది? లోహము వంగి తిరిగి సాగుటలో లోలోపల జరిగే ఒరపిడినుండి కొంత, రివెట్ల దగ్గర, బోల్టుల దగ్గర పలకలు ఒకదానినొకటి రుద్దుకొనుటవలన కొంత, దారి మీద పరచిన తారు, కంకరలవలన కొంత, స్తంభములు దిగిన నేలవలన కొంత వస్తుంది. పూర్వపు రివెట్ల వంతెనలకు కీళ్ళు ఎక్కువ, బరువు ఎక్కువ. రైలు దాటేటప్పుడు అవి చేసే మోత మనకు కర్ణకఠోరముగా తోచినను, ఆ కీళ్ళ రాపిడి ఊపును తినివేయుటలో పనికివస్తుంది. ఆ తరువాతి కాలమున వెల్డింగు వచ్చినది, ఉక్కు బలము పెరిగినది, లెక్కలు సూక్ష్మమైనవి. వంతెన సన్నబడినది, తేలికపడినది, కీళ్ళు తగ్గినవి. చూచుటకు అందము వచ్చినది. అవరోధము మాత్రము తగ్గిపోయినది.

ఆ అందమునకు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున టకోమా నగరము వద్ద పెద్ద మూల్యము చెల్లించవలసి వచ్చినది. అక్కడ సముద్రపు పాయ మీద 1940 జూలై 1న ఒక వ్రేలాడు వంతెన తెరచినారు. నడిమి భాగము పొడవు 2,800 అడుగులు. ఆనాటికి లోకములో మూడవది. వెడల్పు మాత్రము 39 అడుగులే. దారికి ఇరుప్రక్కల బలము కొరకు జాలి దూలములు పెట్టక, 8 అడుగుల ఎత్తు గల నిండు ఉక్కు పలకలు పెట్టినారు. దీనిని రూపొందించిన లియోన్ మోయిసీఫ్ సామాన్యుడు కాడు. వ్రేలాడు వంతెనల లెక్కలలో ఆ కాలమున ఆయన మాటకు తిరుగులేదు. ఆయన లెక్కలో గాలి ఉన్నది; కాని అది వంతెనను ప్రక్కకు త్రోసే గాలి. గాలి వంతెనను ఊపగలదన్న విషయము ఆ లెక్కలో లేదు.

కట్టేటప్పుడే దారి అలలవలె లేచి పడుట మొదలైనది. పనివాండ్రు దానికి గ్యాలపింగ్ గెర్టీ అని ముద్దుపేరు పెట్టినారు. గంతులు వేసే గెర్టీ అని అర్థము. తెరచిన తరువాత జనము సెలవునాడు వచ్చి, రుసుము చెల్లించి, ఆ ఊపు అనుభవించి పోయేవారు. ముందు పోయే కారు పల్లములో దిగి కనబడకుండ పోయి, మరల పైకి తేలేది. బ్రాటన్ సైనికుల ఈల పాట ఇక్కడ మరల వినబడుతున్నట్లున్నది కదా! ఇంజనీర్లకు మాత్రము ఇది వినోదము కాలేదు. స్తంభముల వద్ద ఊపును తినివేయుటకు నూనె గొట్టములు అమర్చినారు; కాని రంగు వేయుటకు ముందు ఉక్కును ఇసుకతో రుద్దినప్పుడు వాని బిగింపులు చెడి, అవి పనికిరాకుండ పోయినవి. అక్టోబరులో వంతెనను తీగమోకులతో నేలకు బిగించి చూచినారు. కొలది దినములలోనే గాలికి అవి తెగినవి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫార్కర్సన్ చిన్న నమూనా చేయించి, దాని మీద గాలి వదలి పరీక్షించినాడు. పలకలకు రంధ్రములు చేయుట గాని, గాలి జారిపోయేటట్లు వంపు తొడుగులు తొడుగుట గాని మంచిదని ఆయన నవంబరు 2న తేల్చి చెప్పినాడు. అప్పటికి వంతెనకు ఇక ఐదు దినములే ఆయువున్నది.

నవంబరు 7వ తేదీ ఉదయము గంటకు సుమారు 42 మైళ్ళ గాలి వీస్తున్నది. అంతకంటె ఎంతో బలమైన గాలి తోపునకు తట్టుకొనేటట్లే వంతెనను లెక్క కట్టినారు. తెల్లవారినప్పటినుండి దారి ఎప్పటివలెనే పైకి క్రిందికి ఊగుతున్నది. పది గంటల వేళ, నడిమిని మోకును దారితో కలిపి పట్టుకొనే కట్టు ఒకవైపున జారినది. అంతటితో ఊపు జాతి మారిపోయినది. దారి పైకి క్రిందికి ఊగుట మాని, తడిబట్ట పిండినట్లు మెలి తిరుగసాగినది. ఒక ప్రక్క బాట, రెండవ ప్రక్క బాటకంటె 28 అడుగులు పైకి లేచేది. మరుక్షణము అదే అంత క్రిందికి దిగేది. నిమిషమునకు సుమారు పన్నెండు మెలికలు. ఒక పత్రికలో పనిచేసే లెనార్డ్ కోట్స్‌వర్త్ కారు అప్పుడు వంతెన నడుమ చిక్కుకొన్నది. ఆయన బయటపడి, చేతులతో మోకాళ్ళతో ప్రాకి గట్టు చేరినాడు. కారులో ఆయన కుమార్తె పెంపుడు కుక్క టబ్బీ మిగిలిపోయినది. దానిని తెచ్చుటకు ప్రయత్నించినవారిలో ఫార్కర్సన్ ఒకడు. అంత అల్లకల్లోలములోను ఆయన దారి నడిమి గీత వెంబడే నడిచినాడు. ఎందుకనగా, మెలి తిరిగే పలకకు నడిమి గీత ఇంచుమించు కదలక నిలిచి ఉంటుంది. చదివిన చదువు అట్టి వేళ కాళ్ళకు అందుట నాకు ఎప్పుడును ఆశ్చర్యముగానే ఉంటుంది. కాని కుక్క బెదరి, చాచిన చేతిని కరచినది. పదకొండు గంటలు దాటగానే నడిమి భాగము పెళ్ళలు పెళ్ళలుగా నీటిలో పడినది. ఆ ప్రమాదములో పోయిన ప్రాణము ఆ కుక్కది ఒక్కటే.

వంతెన మెలితిరిగి కూలుటను చలనచిత్రముగా తీసినారు. కళాశాల తరగతులలో అనునాదమునకు ఉదాహరణగా దానిని ఎన్నో దశాబ్దములు చూపినారు. నేను చదివిన పుస్తకములోను అట్లే ఉన్నది. గాలి లయ, వంతెన లయ కలిసినవి, వంతెన కూలినది అని చెప్పి అధ్యాయము ముగించేవారు. ఇక్కడనే తొందరపాటు ఉన్నది. 1991లో యూసుఫ్ బిల్లా, రాబర్ట్ స్కాన్లన్ అనే ఇద్దరు పండితులు అమెరికా భౌతికశాస్త్ర పత్రికలో దీనిని సరిదిద్దినారు. గాలి ఒక అడ్డమును దాటిపోయేటప్పుడు దాని వెనుక సుళ్ళు వరుసగా విడివడుతవి. ఆనాటి గాలికి, ఆ పలక ఎత్తుకు లెక్క కట్టితే, సెకనుకు సుమారు ఒక సుడి రావలెను. వంతెన మెలికకు పట్టినదో, ఐదు సెకనులు. లయలు కలియనే లేదు!

లయ కలియకుండ ఊపు ఎట్లు పెరిగినది? దీనిని జమాఖర్చుల లెక్కగా చూస్తే సులభముగా బోధపడుతుంది. ఒక్కొక్క ఊపులో బయటి బలము వంతెనకు ఇచ్చే శక్తి జమ. అవరోధము తినివేసే శక్తి ఖర్చు. సామాన్యమైన అనునాదములో, ఊపు రెండింతలైతే జమ రెండింతలవుతుంది. ఖర్చు మాత్రము నాలుగింతలవుతుంది. కనుక ఎక్కడో ఒకచోట ఖర్చు జమను అందుకొంటుంది, ఊపు అక్కడ ఆగుతుంది. అవరోధము తక్కువైతే ఆ హద్దు దూరముగా ఉంటుంది. అయినను హద్దు ఉన్నది. టకోమాలో జరిగినది వేరు. పలక మెలి తిరిగినప్పుడు గాలికి ఎదురయ్యే దాని వాలు మారినది. వాలు మారుటచేత గాలి బలము మారినది. ఆ బలము మెలికను ఇంకను పెంచే దిశలో పనిచేసినది. వంతెన కదలికయే గాలిని తనకు విరోధముగా పిలిచి తెచ్చుకొన్నదన్నమాట. అప్పుడు ఊపు రెండింతలైతే జమ కూడ నాలుగింతలే. ఖర్చు ఎన్నటికిని దానిని అందుకోలేదు. గాలి వేగము ఒక మేరకు లోబడి ఉన్నంతకాలము ఖర్చుదే పైచేయి. ఊపు పుట్టినను అణగుతుంది. ఆ మేర దాటిన క్షణమున అవరోధము సున్నకు దిగి, ఇంకను దిగి, ఋణమైపోతుంది. దీనికి ఇంజనీర్లు ఫ్లట్టరు అని పేరు పెట్టినారు. విమానముల రెక్కలకు ఇది పట్టుట అప్పటికే తెలిసిన సంగతి. కాని ఆనాడు వంతెనలు కట్టేవారును, విమానములు కట్టేవారును ఒకరి పుస్తకము ఒకరు చదివేవారు కారు.

విచారణ సంఘములో విమానశాస్త్రములో ఉద్దండుడైన థియొడోర్ వాన్ కార్మన్‌ను చేర్చుట ఈ కొరతను తీర్చుటకే. వంతెన రబ్బరు నమూనాను ఆయన ఇంటికి తెచ్చుకొని, బల్ల మీద పెట్టి, విద్యుత్ పంకా గాలి తగిలించి చూచినాడు; అది ఊగనారంభించినది. అప్పటినుండి పెద్ద వంతెన దేనికైనను నమూనా చేసి గాలి సొరంగములో పరీక్షించుట ఆచారమయినది. టకోమాలోనే 1950 అక్టోబరులో తెరచిన రెండవ వంతెనకు 33 అడుగుల ఎత్తు జాలి దూలములు పెట్టి, దారి మీద గాలి పోవుటకు సందులు విడిచినారు. ఇంగ్లండులో 1966లో తెరచిన సెవర్న్ వంతెన దారిని విమానపు రెక్కవలె పలుచగా, అంచులు కోసుగా చేసినారు.

సుళ్ళ లయతో కలిసే నిజమైన అనునాదము కూడ వంతెనలకు లేకపోలేదు. 2020 మే 5న చైనాలోని హూమెన్ వంతెన అలలవలె ఊగినది. మరమ్మతు పనికని అంచుల వెంబడి వరుసగా నిలిపిన అడ్డములు గాలి పోయే దారిని మార్చుటచేత అట్లయినది. దారి మూసి, వానిని తీసివేసినారు. వంతెనకు ఏమియు కాలేదు. అక్కడ హద్దు ఉన్నది.

జమాఖర్చుల లెక్కకు గాలియే ఉండనక్కరలేదు. లండనులో 2000 జూన్ 10న మిలీనియం వంతెన తెరచినారు. అది కాలినడకవారికి మాత్రమే. సెయింట్ పాల్ ప్రార్థనాలయపు వైపునుండి థేమ్స్ నది దాటించే 325 మీటర్ల సన్నని వంతెన. వెడల్పు 4 మీటర్లు. మొదటి దినముననే 80 వేలనుండి లక్షమంది దాకా దాని మీద నడిచినారు. నడుస్తూ ఉండగా వంతెన ప్రక్కలకు ఊగినది. నడిమి భాగము 7 సెంటీమీటర్ల దాకా జరిగినది. జనము కటకటాలు పట్టుకొని నిలబడినారు. రెండు దినములకే వంతెన మూసివేసినారు.

వీరు సైనికులు కారు. అడుగు కలుపమని చెప్పినవారు లేరు. మనిషి సెకనుకు రమారమి రెండడుగులు వేస్తాడు. క్రిందికి పడే బలము సెకనుకు రెండుసార్లు. ఆ సంగతి ఇంజనీర్లు ముందే లెక్కించినారు. కాని కుడికాలు మోపినప్పుడు ఒకవైపు, ఎడమకాలు మోపినప్పుడు రెండవ వైపు, సెకనుకొకసారి చిన్న ప్రక్క తోపు కూడ ఉంటుంది. ఒక్కొక్కరిది ఏ పాటిది? వేయిమంది తోపులు ఒకదానికొకటి విరుగుడై పోవలసినవే. వంతెన నిలకడగా ఉన్నంతసేపు అట్లే పోతవి. అది రవంత ప్రక్కకు కదలినదంటే, ఆంజే సైనికులవలె ప్రతివాడును తూలిపోకుండ కాలు కొంచెము ఎడముగా వేస్తాడు. ఆ తోపు వంతెన కదిలే వైపునకే పడుతుంది. వంతెన ఎంత వేగముగా కదిలితే తోపు అంత హెచ్చుతుంది. చూచినారా? టకోమాలో గాలి చేసిన పనిని ఇక్కడ మనుష్యుల పాదములు చేసినవి.

వంతెన మూసిన తరువాత చేసిన ఒక పరీక్షలో దీనిని కన్నులార చూచినారు. ఒక భాగము మీద కొందరిని నడిపించి, వారి సంఖ్యను కొంచెము కొంచెముగా పెంచుతూ పోయినారు. 156 మంది దాకా వంతెన ఊరకనే ఉన్నది. ఇంకొక పదిమంది చేరేసరికి ఊపు ఒక్కసారి విజృంభించినది. ఆ పదిమంది బరువైనవారనుట కాదు. వంతెనకున్న స్వల్పమైన అవరోధమంతయు 156 మంది అడుగులకే చెల్లిపోయినది. ఆ పైన వచ్చినది ఋణము.

బాగుచేయుటకు రెండు దారులున్నవి. వంతెనను ఇంకను బిగువుగా చేసి, దాని లయను మనుష్యుల లయకు అందకుండ హెచ్చించుట ఒకటి. కాని లయ మూడింతలు కావలెనంటే బిగువు తొమ్మిదింతలు కావలెను. అప్పుడది వేరే వంతెన అవుతుంది. రెండవ దారి అవరోధము పెంచుట. ఇంజనీర్లు దానినే పట్టుకొన్నారు. తలుపు నూనెగొట్టము వంటివే, కాని పెద్దవి, 37 అమర్చినారు. ఇవి కాక, స్ప్రింగుల మీద నిలిపిన లోహపు బరువులు ఏబదికి పైగా దారి క్రింద పెట్టినారు. ఈ బరువుల సంగతి చమత్కారమైనది. వాని లయను వంతెన లయకే సరిగా కలుపుతారు. వంతెన ఊగబోతే, అనునాదమువలన ఆ చిన్న బరువు తానే విపరీతముగా ఊగుతూ, వంతెన శక్తిని తనలోనికి లాగుకొని ఖర్చు చేసివేస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయుట ఇది.

ఇట్టి దానిని చూచుటకు లండను పోనక్కరలేదు. మన పొలముల మీదుగా పోయే హై టెన్షన్ తీగలను, టవరు చెంత తల ఎత్తి చూడండి. తీగకు వ్రేలాడుతూ, రెండు కొసల ఉండలు గల చిన్న డంబెల్ వంటి వస్తువు కనబడుతుంది. అందులో విద్యుత్తు పని ఏమియు లేదు. గాలికి తీగ సన్నగా వణకి, ఏండ్ల తరబడి వంగి వంగి తెగిపోకుండ, ఆ వణకును తినివేయుటకే దానిని అక్కడ కట్టినారు. దీనిని అమెరికా ఇంజనీరు స్టాక్‌బ్రిడ్జ్ 1920 ప్రాంతపు దశాబ్దములో కనిపెట్టినాడు. ఆయన పేరనే అది చెల్లుతున్నది.

మిలీనియం వంతెనను బాగుచేయుటకు 50 లక్షల పౌనులు ఖర్చయినవి. ఒక పాలు కూడ లేని అవరోధము సుమారు ఇరువది పాళ్ళకు పెరిగినది. 2002 జనవరి చివరను, తెరచుటకు ముందు, రెండువేలమందిని దాని మీద గుంపుగా నడిపించి పరీక్షించినారు. ఊగలేదు. ఫిబ్రవరి 22న వంతెనను మరల తెరచినారు. ఆ నూనెగొట్టములు, ఆ బరువులు ఇప్పుడును దారి క్రిందనే ఉన్నవి. పైన నడిచేవారు నది చూస్తూ, ఫోటోలు తీసుకొంటూ, నిశ్చింతగా పోతున్నారు.